ఎక్కడ నిలబడి చూశారు

టేపక్కయ్యకు కోపం వస్తే ఇంట్లో గోడ గడియారం కూడా చప్పుడు తగ్గించుకుంటుందని ఆమె మరదలు చెబుతూ ఉంటుంది. అది కొంచెం ఎక్కువే. ఆ గడియారం ఆగిపోయి ఆరేళ్లయింది. కానీ ఆ రోజు ఉదయం ఫోను పెట్టేశాక ఆమె ముఖం చూసినవాళ్లకు, ఆగిపోయిన గడియారమే బెదిరిపోయి రెండు నిమిషాలు ముందుకు నడిచిందని చెప్పినా నమ్మేవారు.

టేపక్కయ్య అన్నది చదువుకునే పిల్లలు పెట్టిన పేరు. పదకొండేళ్లుగా ఆమె, తమ్ముడు కలిసి విద్యార్థులకు అద్దె గదులు చూపించే వెబ్‌సైటు నడుపుతున్నారు. కంప్యూటరు లోపలి పనంతా తమ్ముడిది. కంప్యూటరు బయట మిగిలిన ప్రపంచమంతా అక్కది. ఏ ఇంటాయనైనా మా దగ్గర గది ఉందని కబురు పెడితే చాలు, వడ్రంగి పని చేసిన తండ్రి వదిలిపోయిన స్టీలు టేపు సంచిలో వేసుకుని బయల్దేరుతుంది. ఆ టేపుకు మొదటి అంగుళం ఎప్పుడో విరిగిపోయింది. ఒకటి దగ్గర మొదలుపెట్టి కొలిచి, చివర్లో ఒకటి తీసేయాలి. ఆ లెక్క ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. తమ్ముడికి మాత్రం నలభై ఏళ్లొచ్చినా ఒంటబట్టలేదు.

వెళ్లిన చోట గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తుంది. కుళాయి తిప్పి వేడినీళ్లు ఎంతసేపటికి వస్తాయో వేళ్లమీద లెక్కపెడుతుంది. మంచం మీద పడుకుని చూస్తుంది. ఒకసారి ఒక ఇంటాయన పక్కగది తాళం తెస్తానని వెళ్లి తిరిగి వచ్చేసరికి ఈవిడ గురక పెడుతోందట. ఆయన లేపలేక, తనే బయట మెట్ల మీద గంటసేపు కూర్చున్నాడట. "వీధి చప్పుడు వినపడదు" అని ఆ గది గురించి రాసింది అలా పుట్టిన వాక్యమే అంటాడు తమ్ముడు. అందులో నిజం పావు వంతు ఉండవచ్చు.

ఆమె రాసే ప్రతి గది కిందా రెండు సంగతులు తప్పకుండా ఉంటాయి. "ఒక లోపం" అని ఒక వాక్యం. దాని కింద ఆకుపచ్చ రంగులో "చూశాను" అని ఒక గుర్తు. లోపం దొరకని గదిని ఆమె సైటులో పెట్టదు. దొరకలేదంటే తను సరిగా చూడలేదని అర్థం, మళ్లీ వెళ్తుంది. ఒక కొత్త భవనంలో మూడుసార్లు తిరిగినా ఏమీ కనపడక, చివరికి "ఒక లోపం: ఇంటాయన కబుర్లపోగు, ఉత్తరం తీసుకోవడానికి వెళ్తే గంట పడుతుంది" అని రాసింది. ఆ ఇంటాయన ఫోను చేసి తిట్టడానికి కూడా గంట పట్టింది.

ఎక్కడెక్కడినుంచో చదువుకోవడానికి వచ్చే పిల్లలు, ఊరు మొహం చూడకుండానే, ఆ ఒక్క మాట నమ్మి పెట్టెలు సర్దుకునేవారు. టేపక్కయ్యకు ఉన్న ఆస్తి అదే. ఇంకొకటి లేదు.

ఫోను చేసింది ఒక అమ్మాయి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"మేడమ్, మీ సైటులో చూసి గది తీసుకున్నాను. నిన్న పొద్దున చేరాను. ఒక్క సంగతి అడుగుదామని చేశాను. మీరు ఈ గది చూశానని రాశారు కదా."

"చూస్తేనే రాస్తానమ్మా."

"ఎక్కడ నిలబడి చూశారు మేడమ్?"

టేపక్కయ్యకు ప్రశ్న అర్థం కాలేదు.

"నేను నిన్నటినుంచి వెతుకుతున్నాను," అంది ఆ అమ్మాయి. "నిలబడే చోటు దొరకలేదు. మీకు దొరికింది కాబట్టి అడుగుతున్నాను."

చిరునామా చెప్పింది. మూడిళ్లాయన భవనం, మూడో అంతస్తు. మూడిళ్లాయన అంటే అక్కడ మూడు భవనాలున్న మనిషి. నాలుగోది కొనేదాకా ఆ పేరు మారదు. ఆ భవనంలో రెండో అంతస్తు గదిని టేపక్కయ్య ఆరునెలల కిందట చూసింది. మూడో అంతస్తు మెట్టు ఒక్కటి కూడా ఎక్కలేదు.

"నేను వస్తున్నాను. అరగంట," అని ఫోను పెట్టేసింది. అప్పుడే ఆ గడియారం సంగతి.

సైటు తెరిచి చూసింది. మూడో అంతస్తు గది. ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. కిటికీ వీధివైపు. ఒక లోపం: కిటికీ గడియ బాగా బిగుతు, రెండు చేతులతో లాగాలి. చూశాను. అక్షరం అక్షరం తన మాటలే. రెండో అంతస్తు గదికి తను రాసినవి.

మూడో అంతస్తుకు వెళ్లే మెట్లు నిచ్చెనకు చుట్టరికం ఉన్నవి. పైన తలుపు తీసిన అమ్మాయిని చూడగానే టేపక్కయ్యకు సంగతి సగం తెలిసిపోయింది. ఆరడుగుల ఒక అంగుళం మనిషి. నడుము దగ్గర వంగి, మెడ పక్కకు తిప్పి, పడుతున్న గోడను భుజంతో ఆపుతున్నట్టు నిలబడి ఉంది. అది ఇంటి పైకప్పు కింద, రెండువైపులా వాలుగా దిగిపోయే కొట్టు. నడుమ దూలం. గోడల దగ్గర పిల్లి కూడా తల వంచుకునే వెళ్లాలి. కిటికీ లేదు. కప్పులో పుస్తకమంత గాజుపలక ఉంది, అది తెరుచుకోదు. లేని కిటికీకి బిగుతు గడియ ఉందని రాసింది ఎవరో కాదు, టేపక్కయ్యే.

"రండి మేడమ్. నేను వంతెనలు కట్టడం చదువుకోవడానికి వచ్చాను," అంది అమ్మాయి. "రెండు రోజులుగా నేనే వంతెనలా ఉన్నాను."

టేపక్కయ్య నవ్వలేదు. సంచిలోంచి టేపు తీసింది. దూలం కింద కొలిచింది. అయిదడుగుల పదకొండు. బల్ల వేసిన చోట అయిదడుగుల మూడు. మంచం తలవైపు రెండున్నర అడుగులు. ఇంతలో తను నిటారుగా నిలబడి ఉన్న సంగతి ఆమెకు స్పృహలోకి వచ్చింది. ఆమె ఎత్తు నాలుగడుగుల పదకొండు. తలకు ఏదీ తగలడం లేదు.

అమ్మాయి కూడా అది గమనించింది. "మీకు సరిపోయింది మేడమ్," అంది మెల్లగా.

ఆ మాట టేపక్కయ్యకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"నేను ఈ గది చూడలేదమ్మా," అంది. "ఇవాళే చూస్తున్నాను. అక్కడ ఉన్నది నా మాటే, కానీ నేను అన్నది కాదు. ఎవరు అన్నారో కనుక్కుంటాను."

"కనుక్కోండి. కానీ నాకు సోమవారం నుంచి క్లాసులు. ఈ బల్ల దగ్గర లేచినప్పుడల్లా నా తల కప్పు సంగతి తెలుసుకుంటోంది, పుస్తకం సంగతి తెలుసుకోవడం లేదు. వేరే గదులు చూశాను. అన్నీ నిండిపోయాయి."

మూడిళ్లాయన కింది అంతస్తులో గోళ్లు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. టేపక్కయ్యను చూసి కత్తెర దించలేదు.

"ఏమ్మా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా."

"పైనున్న కొట్టును గది అని సైటులో ఎక్కించారు."

"నేను ఎక్కించలేదమ్మా, మీ తమ్ముడే దారి చూపించాడు. కొత్త బటన్ పెట్టాడు కదా, 'అదే భవనంలో ఇంకో గది' అని. నొక్కాను. మిగతాదంతా దానంతట అదే నిండిపోయింది. కొలతలు, గడియ, మీ ఆకుపచ్చ గుర్తు, అన్నీ. ఎంత హాయిగా ఉందో. పాత పద్ధతిలో మీకోసం నెల రోజులు కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది."

"ఎత్తు తొమ్మిదిన్నర అని ఉంటే అబద్ధమని మీకు తెలియదా?"

"నేను చదవలేదమ్మా. మీరు రాసింది కాబట్టి నిజమే అయి ఉంటుందనుకున్నాను."

ఇంత నిమ్మళంగా ఒళ్లు మండించే మనిషి వెయ్యిళ్లకు ఒకడు ఉంటాడు. అతనికి మూడిళ్లే ఉండటం లోకం చేసుకున్న అదృష్టం.

"ఫోటోలో గది పెళ్లి హాలులా ఉంది. ఎలా తీశారు?"

"నేల మీద పడుకుని. మీరు మంచం మీద పడుకుని చూస్తారుగా, నేను నేలమీద పడుకుని తీశాను."

"ఆ అమ్మాయిని ఒప్పందం నుంచి వదిలేయండి."

"ఏడాది అన్నారు, సంతకం పెట్టారు. ఆ గదిలో ఎవరున్నా నాకు ఒకటే. ఖాళీగా ఉంటే మాత్రం ఊరుకోను." మళ్లీ గోళ్ల పనిలో పడ్డాడు.

"ఎవరున్నా ఒకటే అన్నారు. గుర్తుంచుకోండి," అని టేపక్కయ్య బయటికి నడిచింది. ఆమె తలుపు వేసిన ఊపుకు ఆయన కత్తిరించిన గోళ్లన్నీ ఎగిరి ఆయన టీ కప్పులోనే పడ్డాయని తర్వాత ఎవరో అన్నారు. చూసినవాళ్లు లేరు కాబట్టి ఆకుపచ్చ గుర్తు పెట్టలేను.

ఇంటి కింది భాగంలో వీధివైపు గది వాళ్ల ఆఫీసు. తమ్ముడు రెండు తెరల ముందు కూర్చుని ఉన్నాడు. మరదలు ఫోన్ల దగ్గర ఉంది.

"రోజుకు ఎన్ని గదులు చూడగలవక్కా నువ్వు?" అన్నాడు తమ్ముడు, అక్క ఇంకా నోరు తెరవకముందే. మూడిళ్లాయన ఫోను చేసి చెప్పేశాడన్నమాట. "నాలుగు. కాలు నొప్పి ఉంటే మూడు. వరుసలో తొంభై గదులున్నాయి. ఇంటివాళ్లు విసుగెత్తి వేరే సైట్లకు పోతున్నారు. నేను చేసింది సైటు బాగుపడటానికే."

"ఏం చేశావో నీ నోటితో చెప్పు."

"ఒకే భవనం, ఒకే ఇంటాయన, ఒకే మేస్త్రీ. రెండో అంతస్తు గది నువ్వు చూశావు. మూడోది దాని నెత్తిమీదే ఉంది. తేడా ఏముంటుంది?"

"కప్పు ఉంటుందిరా."

తమ్ముడు కుర్చీలో అటూ ఇటూ తిరిగాడు. "ఒక్క గదిలో పొరపాటు జరిగింది, సరే. తీసేద్దాం."

"ఒకే ఇల్లు, ఒకే తండ్రి. నీకు అమ్మాయిని చూపించి, పెళ్లినాడు ఆవిడ చెల్లెల్ని తెచ్చి నిలబెడితే తేడా ఏముందని చేసుకునేవాడివా?"

తమ్ముడు గడ్డం గోక్కున్నాడు.

"ఆలోచిస్తున్నాడు చూడు వదినా," అంది మరదలు.

"నువ్వు ఊరుకో."

"నేనెందుకు ఊరుకుంటాను? వారం నుంచి ఫోన్లు నాకు వస్తున్నాయి. అక్కకు చెప్పకు, మెల్లగా సర్దుతానని నువ్వే అన్నావు."

టేపక్కయ్య తలుపు దగ్గరే ఆగిపోయింది. "వారం నుంచా?"

మరదలు ఆ ఫిర్యాదులు రాసుకున్న నోటు పుస్తకం ఆమె ముందుకు తోసింది. టేపక్కయ్య కుర్చీ లాక్కుని, సైటులో ఉన్న గదులన్నీ ఒక్కొక్కటిగా తెరిచింది. ఆరు గదులకు అదే బిగుతు గడియ. తొమ్మిది గదులకు "పై ఇంట్లో పియానో నేర్చుకుంటున్నారు, ఇంకా రావడం లేదు." ఆ తొమ్మిదింటిలో ఒకటి అన్నిటికన్నా పై అంతస్తు. దానిపైన పియానో వాయించాలంటే పావురాలే వాయించాలి. మొత్తం నలభై మూడు గదులు. తను చూడనివి, తను చూశానని చెప్పినవి. ఒక పిల్లవాడైతే ధన్యవాదాలు కూడా రాశాడు: "మేడమ్, మీరు రాశాక గడియ బాగుచేయించినట్టున్నారు, ఒక్క వేలితో వచ్చేస్తోంది, మీ దయ."

ఆ ఉత్తరం టేపక్కయ్య రెండుసార్లు చదివింది. తిట్టిన పిల్లలకు జవాబు చెప్పుకోవచ్చు. తను చేయని మేలుకు దండం పెట్టిన పిల్లవాడికి ఏమని చెప్పాలి?

"నా నోరు కోసుకెళ్లి నలభై మూడు గోడలకు అతికించావురా," అంది చివరికి. అరవలేదు. అరిచి ఉంటే తమ్ముడికి తేలికగా ఉండేది.

"అక్కా, నీ మంచికే..."

"నా మంచి సంగతి వదిలేయ్. ఆ పిల్ల వంగి నిలబడి ఉంది. నువ్వు వెళ్లి చూశావా? చూడవు. చూడకుండా బతకడానికే కదా ఆ బటన్ పెట్టుకున్నావు."

నలభై మూడు గదుల దగ్గర ఆకుపచ్చ గుర్తు తీసేసి "చూడలేదు. ఇంతకుముందు చూశానని ఉన్నది అబద్ధం" అని ఎర్ర అక్షరాల్లో పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో గదికి ఒక్కోసారి, తన రెండు వేళ్లతో, అక్షరం అక్షరం టైపు చేస్తూ.

"అబద్ధం అనే మాట ఎందుకక్కా? సవరణ అందాం," అన్నాడు తమ్ముడు. "పోనీ, అన్నిటికీ ఒకేసారి మారేలా ఒక్క నిమిషంలో చేసిస్తాను. ఒక బటన్..."

మరదలు అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అతను ఆగిపోయాడు. ఈ ప్రపంచంలో ఒక మనిషి ప్రాణం కాపాడినది ఏదైనా బటన్ ఉందంటే అదే.

సాయంత్రానికి ఇంటివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన కేసు పెడతానన్నాడు. ఇంకొకాయన తన గదిని తీసేయమన్నాడు. "సంతోషం, వచ్చి చూసే పని తగ్గింది," అని టేపక్కయ్య ఆ పేరు కొట్టేసింది. మధ్య మధ్య తనే ఫోన్లు చేసింది. పదకొండేళ్లలో తెలిసిన ప్రతి ఇంటినీ అడిగింది. ఆరడుగుల ఒక అంగుళం పిల్ల నిలబడే గది ఒక్కటి కావాలి. చదువులు మొదలయ్యే వారం అది. మేడ మీద గదులు, మెట్ల కింద గదులు, ఆఖరికి సామాన్లు పెట్టుకునే గదులు కూడా నిండిపోయాయి. పదిహేడో ఫోను పెట్టేసి, తల పైకెత్తి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

తర్వాత లేచి సంచిలోంచి టేపు తీసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

ఆమె ఆఫీసు గది పొడవు కొలిచింది. పన్నెండున్నర. వెడల్పు పది. కుర్చీ ఎక్కి ఎత్తు కొలిచింది. తొమ్మిదడుగుల ఎనిమిది. కిటికీ గడియ లాగి చూసింది. పక్కగదిలో కుళాయి తిప్పి వేళ్లు లెక్కపెట్టింది. నేలమీద మంచం పట్టేంత మేర పడుకుని, కళ్లు మూసుకుని, వీధి చప్పుడు విన్నది. తమ్ముడు, మరదలు కుర్చీల్లో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు.

లేచి వెళ్లి టైపు చేసింది. గది కింది అంతస్తులో, నిటారుగా నిలబడవచ్చు. కిటికీ వీధివైపు. ఒక లోపం: పక్క గోడ అవతల అక్కాతమ్ముళ్ల గొడవ వినపడుతుంది, ఈ ఏడాది మరీ ఎక్కువ. చూశాను.

"ఇది మన ఆఫీసు," అన్నాడు తమ్ముడు.

"నిన్నటిదాకా."

"మరి నేను ఎక్కడ కూర్చోవాలి?"

"మూడిళ్లాయన ఆ గదిలో ఎవరున్నా ఒకటే అన్నాడు. ఏడాది ఒప్పందం రేపు పొద్దున్నే మన పేరుకు మార్పిస్తాను. అమ్మాయి సంతకం పెడుతుంది. రేపు నీ తెరలు రెండూ అక్కడికి ఎక్కించుకో. మెట్లు జాగ్రత్త, అవి నిచ్చెనకు చుట్టాలు."

"అక్కా, నేను అక్కడ ఏడాది..."

"తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, వీధివైపు కిటికీ. ఎంత మంచి గదో నువ్వే కదా సైటులో పెట్టావు."

అతను పెళ్లాం వైపు చూశాడు. మరదలు కిటికీ గడియ వైపు చూసింది.

పొడుగమ్మాయి మర్నాడే దిగింది. గదిలోకి వచ్చి, పెట్టె పెట్టి, రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకుంది. ఆ మెటికల చప్పుడుకు వీధి చివర కుక్క మొరిగింది. టేపక్కయ్య అటు తిరిగి ముక్కు చీదుకుని, అది జలుబని మరదలికి చెప్పింది.

మిగిలిన గదులు చూడటానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. కాలు నొప్పి ఉన్న రోజున కూడా నాలుగూ చూసింది. ఇరవై తొమ్మిది గదులకు ఆకుపచ్చ గుర్తు వచ్చింది. తొమ్మిదింటిని తీసేసింది. నాలుగింటికి ఇంటివాళ్లు తలుపే తీయలేదు, వాటి దగ్గర ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. ఇన్ని రోజుల్లో తమ్ముడితో మాట్లాడలేదు. భోజనాల దగ్గర ఏదైనా కావాలంటే మరదలికి చెప్పేది, మరదలు పక్కనే ఉన్న మొగుడికి చెప్పేది. తమ్ముడు కొత్త బటన్ తీసేశాడు. గది వివరాల్లో "ఎంత ఎత్తువాళ్లు నిటారుగా నిలబడగలరు" అని ఒక కొత్త గడి చేర్చాడు. అది వేరే గదినుంచి నింపడానికి వీల్లేదు. ఎవరు వెళ్లి చూశారో వాళ్ల పేరు పెడితేనే ఆకుపచ్చ గుర్తు వస్తుంది. అక్క అది చూసింది. బాగుందనలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె మూడిళ్లాయన భవనం మూడో అంతస్తు ఎక్కింది. తమ్ముడు బల్ల దగ్గర మెడ వంచుకుని పని చేస్తున్నాడు. అక్కను చూసి గబుక్కున లేవబోయి, సగంలో గుర్తొచ్చి, మెల్లగా లేచాడు. నుదుటికి పైన నిమ్మకాయంత బొప్పి.

"ఈ గది వివరాలు నేనే రాశానక్కా," అన్నాడు. "నీ టేపు నిన్న రాత్రి ఇంట్లో ఉంటే తెచ్చి కొలిచాను. నా పేరే పెట్టాను. చూసి చెప్పు."

ఆమె తెరలోకి చూసింది. వాలు కప్పు. కిటికీ లేదు, తెరుచుకోని గాజుపలక. ఒక లోపం: మనిషి ఉండటానికి పనికిరాదు. చూశాను. కింద తమ్ముడి పేరు. బల్ల దగ్గర ఎత్తు, అయిదడుగుల నాలుగు అంగుళాలు.

"ఎంత రాశావు?"

"అయిదూ నాలుగు. రెండుసార్లు కొలిచాను."

"నీ ఎత్తెంత?"

"అయిదూ మూడున్నర."

టేపక్కయ్య అతని నుదుటి వైపు చూసింది. బల్ల మీదున్న టేపు చేతిలోకి తీసుకుని, విరిగిన కొసను బొటనవేలితో ఒకసారి తడిమి, సంచిలో వేసుకుంది. మెట్ల వైపు నడిచింది.

"తప్పా అక్కా? మరి ఎంత రాయమంటావు?"

"నన్నెందుకు అడుగుతావు," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "నీ బొప్పిని అడుగు. అదైతే చూసింది."